ఇంటికప్పు మీది యాంటెన్నా – కొన్ని శాస్త్ర విషయాలు

అరచేతిలో ఇమిడే ఫోనులో లోకమంతా కనబడుతూ ఉండగా ఇంటికప్పు మీద అల్యూమినియం కడ్డీల పంజరం ఎందుకని మన తెలుగు కుటుంబాలలో పలువురు అడుగుతూ ఉంటారు. ప్రశ్న సమంజసమే. తెలుగు చలనచిత్రాలు, ధారావాహికలు, వార్తలు అంతర్జాలం ద్వారానే మన ఇళ్ళకు చేరుతున్నాయి. వాటికి యాంటెన్నాతో నిమిత్తం లేదు. అయితే ఎ.బి.సి., ఎస్.బి.ఎస్., సెవెన్, నైన్, టెన్ అనే అయిదు సంస్థల ప్రసారాలు నేటికీ ఆకాశమార్గాన, నెలసరి రుసుము లేకుండా, ప్రతి ఇంటి మీదుగా సాగిపోతూనే ఉన్నాయి. 2018 నుండి ఈ దేశంలో జరిగే టెస్టు క్రికెట్టు సెవెన్ ప్రసారాలలో వస్తున్నది. దానినే అంతర్జాలంలో చూచేవారికి దృశ్యం అనేక సెకన్లు ఆలస్యంగా చేరుతుంది గనుక, వికెట్టు పడిన సంగతి పక్కింటివారి కేకల వలననే ముందుగా తెలిసిపోవడం కద్దు. స్వదేశం నుండి వచ్చి కొన్ని నెలలు మనతో గడిపే తల్లిదండ్రులకు ఖాతాలు, సంకేతపదాల బెడద లేకుండా ఒక్క మీట నొక్కగానే కనబడే టెలివిజన్ ఎంతటి సౌకర్యమో వేరే చెప్పనక్కరలేదు. కార్చిచ్చుల వేళ, వరదల వేళ అంతర్జాలపు తీగ తెగినా ఈ తరంగాలు ఆగవు.

సిడ్నీ నగరానికి నైరుతి దిశగా ఉన్న ఎడ్మండ్‌సన్ పార్కు మన పాఠకులలో చాలామందికి పరిచితమైనదే. 1941లో టోబ్రూక్ వద్ద నేలకొరిగి, మరణానంతరం విక్టోరియా క్రాస్ పొందిన కార్పొరల్ జాన్ హర్స్ట్ ఎడ్మండ్‌సన్ పేరిట వెలసిన ఊరది. 2015 ఫిబ్రవరిలో రైల్వే స్టేషను తెరచిన పిమ్మట ఇక్కడి బయళ్ళు త్వరత్వరగా ఇళ్ళ వరుసలుగా మారాయి. ఇటువంటి కొత్త ఇళ్ళలో తరచు కనబడే పరిస్థితి ఒకటున్నది. గోడలలో టెలివిజన్ సాకెట్లు ఉంటాయి. వాటి తీగలు పైకప్పు కింది ఖాళీలోకి వెళ్ళి అక్కడ చుట్టగా పడి ఉంటాయి. యాంటెన్నా మాత్రం ఉండదు. గృహప్రవేశం ఖర్చులతో అలసిన యజమాని దుకాణానికి వెళ్ళి, టీవీ పక్కన పెట్టుకొనే చిన్న యాంటెన్నా ఒకటి కొంటాడు. బొమ్మ గళ్ళుగళ్ళుగా విరిగిపోతుంది. బూస్టరు కొంటాడు. ఫలితం ఉండదు. మరింత శక్తిగల బూస్టరు కొంటాడు. చివరకు నిచ్చెన తెచ్చి తానే పైకప్పు ఎక్కుతాడు. మొదటి మూడు పనులూ ధనానికి చేటు, నాలుగవది ప్రాణానికి. బొమ్మ నాణ్యత నిర్ణయమయ్యేది టీవీ వెనుక కాదు. యాంటెన్నా వద్ద, దాని తరువాతి కొద్ది మీటర్ల తీగలో. అది ఎందువలననో తెలిస్తే పై ఖర్చులలో చాలా భాగం తప్పుతుంది.

మంచు కురిసే తెర, గళ్ళు పడే తెర

పల్లెటూళ్ళలోని మన తెలుగువారికి టెలివిజన్ తొలుత కనబడినది సొంత ఇళ్ళలో కాదు, ఊరుమ్మడి స్థలాలలో. 1975 ఆగస్టు 1 నుండి ఒక సంవత్సరం పాటు సాగిన ‘సైట్’ ప్రయోగంలో ఎ.టి.ఎస్.–6 అనే అమెరికా ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలకు విద్యా కార్యక్రమాలు అందాయి. అందులో మెదక్, మహబూబ్‌నగర్, కర్నూలు తదితర జిల్లాల పల్లెలున్నాయి, తెలుగు కార్యక్రమాలున్నాయి. గ్రాహక యంత్రాలు హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. కర్మాగారంలో తయారయ్యాయి. 860 మెగాహెర్ట్జ్ తరంగాలను పట్టుకొనేందుకు వాడిన గొడుగు ఏమిటో తెలుసునా? కోళ్ళ గూళ్ళకు బిగించే ఇనుపవల! మూడు మీటర్ల వ్యాసంతో దానిని గిన్నెలా వంచి పెట్టారు. వల కన్నాలు తరంగదైర్ఘ్యం కన్న చాలా చిన్నవైతే తరంగానికి ఆ వల అద్దంతో సమానం. యాంటెన్నా విలువ దాని ధరలో లేదు, కొలతలలో ఉన్నదనడానికి ఇంతకన్న మంచి ఉదాహరణ నాకు తెలియదు.

1977 అక్టోబరులో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం ప్రారంభమైనది. అంతకు రెండేళ్ళ ముందే, 1975 ఆగస్టు 15న, మద్రాసు కేంద్రం మొదలైనది. సూళ్ళూరుపేట, నాయుడుపేట వైపు ఇళ్ళ మీద పొడవైన ఇనుపగొట్టాలకు కట్టిన యాంటెన్నాలు దక్షిణ దిక్కుకు తిరిగి ఉండేవి. ఒకరు మేడ మీద గొట్టం తిప్పడం, మరొకరు వాకిట నిలబడి “కొంచెం ఎడమకు... ఆఁ, అక్కడే ఉంచండి నాన్నా!” అని అరవడం ఆనాటి వారమంతా ఎరిగినదే. అప్పటి ప్రసారం అనలాగ్ పద్ధతిది. సంకేతం క్షీణించిన కొద్దీ తెరపై ‘మంచు’ పెరిగేది, కొండకో భవనానికో తగిలి పరావర్తనం చెందిన తరంగం వలన నీడబొమ్మ పడేది. అంటే తప్పు ఎంత ఉన్నదో తెర మీదనే కనబడేది, తిప్పుతూ సరిచేసుకోగలిగేవారం.

సిడ్నీలో అనలాగ్ ప్రసారాలు 2013 డిసెంబరు 3న ముగిశాయి. ఇప్పటి డిజిటల్ పద్ధతిలో ఒక్కొక్క సంస్థకు కేటాయించిన 7 మెగాహెర్ట్జ్ వెడల్పులో 6,817 సన్నని వాహక తరంగాలు పక్కపక్కన నడుస్తాయి. సమాచారాన్ని వాటన్నింటి మీదా పంచి, దోషాలను సవరించే అంకెలను కూడ జతచేసి పంపుతారు. ఒక్కొక్క సంజ్ఞ 1,024 మైక్రోసెకన్ల పాటు నిలుస్తుంది. దానికి ముందు అందులో 16వ వంతు, అంటే 64 మైక్రోసెకన్ల విరామం ఉంచితే, 19 కిలోమీటర్లు ఎక్కువ తిరిగి వచ్చిన ప్రతిధ్వని సైతం బొమ్మను చెరపలేదు. నీడబొమ్మల బాధ ఆ విధంగా తీరింది.

కాని ఈ పద్ధతికి ఒక అంచు ఉన్నది. సంకేతం రొదకన్న సుమారు 20 డెసిబెల్లు ఎక్కువగా ఉన్నంత వరకు బొమ్మ నిర్మలంగా ఉంటుంది. 25 ఉన్నా 40 ఉన్నా చూపుకు తేడా లేదు. 20 కన్న కొంచెం తగ్గగానే గళ్ళు, ఇంకొంచెం తగ్గితే శూన్యం. రసాయన శాస్త్రం చదివినవారికి ఇది ఆమ్ల–క్షార అంశమాపనంలో చివరి చుక్క వంటిది: అప్పటి దాకా రంగు మారదు, ఆ చుక్కతో మొత్తం మారిపోతుంది. అందుచేత నేడు బొమ్మ బాగున్నదంటే అమరిక బాగున్నదని అర్థం కాదు. అంచుకు ఎంత దూరంలో ఉన్నామో కంటికి తెలియదు. వాన కురిసిన సాయంత్రమో, పక్క స్థలంలో రెండంతస్తుల ఇల్లు లేచినప్పుడో తెలుస్తుంది.

సిడ్నీ తరంగాల కొలతలు

టీవీ తెరపై కనబడే 2, 3, 7, 9, 10 అనే సంఖ్యలు పేర్లు మాత్రమే. వాస్తవంగా తరంగాలు ప్రయాణించే మార్గాల సంఖ్యలు వేరు. సిడ్నీ ప్రధాన ప్రసారిణుల నుండి సెవెన్ 6వ మార్గంలోను, ఎస్.బి.ఎస్. 7వ మార్గంలోను, నైన్ 8లోను, టెన్ 11లోను, ఎ.బి.సి. 12లోను వెలువడుతున్నాయి. ఇవన్నీ 174 నుండి 230 మెగాహెర్ట్జ్ మధ్యనే ఉన్నాయి, దీనిని వి.హెచ్.ఎఫ్. మూడవ పట్టీ అంటారు. కాంతివేగాన్ని ఈ పౌనఃపున్యాలతో భాగిస్తే తరంగదైర్ఘ్యం 1.3 నుండి 1.7 మీటర్లు వస్తుంది. యాంటెన్నాలో కీలకమైన కడ్డీ అందులో సగానికి కొంచెం తక్కువ ఉండాలి. కావున సిడ్నీకి తగిన యాంటెన్నా కడ్డీలు ఉరమరగా 60 నుండి 85 సెంటీమీటర్లు ఉంటాయి. దుకాణంలో టేపు పెట్టి కొలవగలిగిన సంగతి ఇది. పెట్టె మీద ‘డిజిటల్ యాంటెన్నా’ అన్న బిరుదు చూచి మోసపోరాదు; తరంగానికి యాంటెన్నా డిజిటల్‌దో అనలాగ్‌దో తెలియదు, పొడవు మాత్రమే తెలుసు.

ఈ విషయం మనవారికి మరీ ముఖ్యం. ఇంగ్లండు నుండి వలస వచ్చినవారు సామానుతో పాటు తెచ్చుకొనే యాంటెన్నా కడ్డీలు జానెడు మాత్రమే ఉంటాయి. అక్కడి టెలివిజన్ అంతా యు.హెచ్.ఎఫ్. పట్టీలోనిది. ఇక్కడ దానికి సంకేతం అందకపోవడం దాని లోపం కాదు. పాత ఇళ్ళ మీద కనబడే రెండు మీటర్ల పైచిలుకు పొడవు కడ్డీలు అనలాగ్ కాలంలో 63–70 మెగాహెర్ట్జ్‌లో వచ్చిన ఎ.బి.సి. కొరకు పెట్టినవి, వాటికి సిడ్నీలో ఇప్పుడు పని లేదు.

ఇందులో ఒక వింత కూడ ఉన్నది. 1980 అక్టోబరు 24న ఎస్.బి.ఎస్. బహుభాషా టెలివిజన్ సిడ్నీ, మెల్‌బోర్న్ నగరాలలో 0, 28 అనే రెండు మార్గాలలో ఆరంభమైనది. 1986 ఆరంభంలో మొదటిది మూతపడి, యు.హెచ్.ఎఫ్.లోని 28 ఒక్కటే మిగిలింది. తమ భాష వినాలని కోరిన ఇటలీ, గ్రీసు, లెబనాన్ దేశాల వలస కుటుంబాలు ఆ ఒక్క ప్రసారానికి యు.హెచ్.ఎఫ్. యాంటెన్నాలు అమర్చుకోవలసి వచ్చింది. 2014తో ముగిసిన మార్గాల పునర్విభజనలో సిడ్నీ ఎస్.బి.ఎస్. తక్కిన వాటి సరసన వి.హెచ్.ఎఫ్.లోకి వచ్చి చేరింది. ఆనాటి యాంటెన్నాలు కొన్ని ఇంకా ఆ కప్పుల మీద అలంకారంగా నిలిచి ఉన్నాయి.

యాగీ, ఊదా – ఒక చేపముల్లు

ఇంటికప్పుల మీద మనం చూచే చేపముల్లు వంటి అమరికను 1926లో జపానులోని తోహోకు విశ్వవిద్యాలయానికి చెందిన షింతారో ఊదా, హిదెత్సుగు యాగీ లోకానికి తెలిపారు. పరిశోధనలో అధిక భాగం ఊదాది, పేరు మాత్రం యాగీది. పరిశోధనాలయాలలో పనిచేసేవారికి ఇది కొత్త సంగతి కాదు. 1942లో సింగపూరు పతనమైనప్పుడు బ్రిటిష్ రాడారు కాగితాలలో ‘యాగీ’ అన్న మాట జపాను సైనికాధికారులకు అర్థం కాక, యుద్ధఖైదీని అడుగగా “అది మీ దేశపు ఆచార్యుని పేరే” అని బదులు వచ్చిందని చెబుతారు.

దీని పని తీరు సులభం. తీగ కలిపేది ఒక్క కడ్డీకే. దాని వెనుక కొంచెం పొడవైనది, ముందు క్రమంగా పొట్టివి, దేనికీ తీగ లేకుండా నిలబడి ఉంటాయి. వచ్చిన తరంగం అన్నింటిలోను విద్యుత్తును కదిలిస్తుంది. ఆ కడ్డీలు దానిని తిరిగి వెదజల్లుతాయి. పొడవులు, ఎడములు సరిగా ఉంటే ఈ చిన్న తరంగాలన్నీ ముందు దిశ నుండి వచ్చిన దానికి తోడై, వెనుక దిశ నుండి వచ్చిన దానిని రద్దు చేస్తాయి. ఎనిమిది కడ్డీల యాగీ దాదాపు 10 డెసిబెల్ల లాభం ఇస్తుంది. ఎటువంటి విద్యుత్తూ వాడకుండా, రొద చేర్చకుండా వచ్చిన లాభమిది. బూస్టరు ఇచ్చే లాభం ఇటువంటిది కాదు.

ఇక దిశ. ప్రధాన ప్రసారిణులు నగరానికి ఉత్తరాన గోర్‌హిల్, ఆర్టార్మన్ ప్రాంతాలలో ఉన్నాయి. ఎడ్మండ్‌సన్ పార్కు నుండి అవి ఈశాన్యానికి కొంత తూర్పుగా, సుమారు 34 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. భౌగోళిక ఉత్తరం నుండి సవ్యంగా సుమారు 63 డిగ్రీలు. చేతిలో దిక్సూచి పట్టుకొంటే మాత్రం అందులో 50 డిగ్రీల వద్ద చూపాలి. సిడ్నీలో అయస్కాంత సూచి వాస్తవ ఉత్తరానికి దాదాపు 13 డిగ్రీలు తూర్పుగా చూపుతుంది గనుక. యాగీ చూపు విశాలమైనది గనుక అయిదారు డిగ్రీల తేడాతో కొంప మునగదు. ప్రధాన తరంగాలు క్షితిజ సమాంతర ధ్రువణంలో ఉన్నాయి. కావున కడ్డీలు నేలకు సమాంతరంగా ఉండాలి. నిలువుగా బిగిస్తే సంకేతంలో అధిక భాగం వృథా. వీధిలోని పాత యాంటెన్నాలన్నీ ఎటు చూస్తున్నాయో గమనించడం మంచిదే గాని, దానినే ప్రమాణంగా తీసుకోరాదు. వాటిలో కొన్ని గాలికి తిరిగినవి కావచ్చు.

యాంటెన్నాను కప్పు కింది ఖాళీలో దాచిపెట్టవచ్చునా అని కొందరు అడుగుతారు. కొత్త ఇళ్ళలో ఇది సాధారణంగా కుదరదు. ఉక్కు రేకుల కప్పు తరంగాన్ని రానీయదు. పెంకుల కప్పైనా దాని కింద వేడిని ఆపడానికి అల్యూమినియం పొర పరుస్తారు. వేడి కిరణాలను తిప్పికొట్టే ఆ పొర వెంట్రుక కన్న పలుచనైనా రేడియో తరంగాలను కూడ తిప్పికొడుతుంది. టీవీ పక్కన పెట్టుకొనే చిన్న యాంటెన్నా విఫలం కావడానికి ఇది ఒక ముఖ్య కారణం. కప్పు పైన బిగించేటప్పుడు సైతం రేకుకు కనీసం ఒక మీటరు ఎత్తున, సౌరఫలకాలకు దూరంగా ఉంచడం ఉత్తమం.

బూస్టరు చేయగలదీ, చేయలేనిదీ

మా వృత్తిలో నిత్యం వాడే ఎన్.ఎమ్.ఆర్. యంత్రం కూడ నిజానికి ఒక రేడియో గ్రాహకమే. అణువులలోని హైడ్రోజన్ కేంద్రకాలు బలమైన అయస్కాంతంలో నిలిచి, అతి క్షీణమైన రేడియో సంకేతాన్ని విడుస్తాయి. 1960లలో వెలువడిన తొలి అతివాహక అయస్కాంతపు ఎన్.ఎమ్.ఆర్. యంత్రం 220 మెగాహెర్ట్జ్ వద్ద పనిచేసేది. సిడ్నీలో నేటి టెన్ ప్రసారం నడిమి పౌనఃపున్యం 219.5. ఆ యంత్రాలలో తొలి వర్ధకాన్ని సంకేతం పుట్టే చోటికి వీలైనంత దగ్గరగా అమరుస్తారు. తీగలో ప్రయాణించి నీరసించిన సంకేతాన్ని తరువాత పెంచితే, తీగ పోగొట్టినది తిరిగి రాదు. వర్ధకం తన రొదను కూడ చేర్చి రెండింటినీ కలిపి పెంచుతుంది.

ఇంట్లో లెక్క చూడండి. 3 డెసిబెల్లు తగ్గితే శక్తి సగమవుతుంది, 10 తగ్గితే పదవ వంతు. ఇరవై మీటర్ల మంచి తీగలో సుమారు 2 డెసిబెల్లు పోతాయి. నాలుగు గదులకు పంచే స్ప్లిట్టరులో మరి 7 లేక 8 పోతాయి. అంటే యాంటెన్నా పట్టుకొన్న దానిలో పదవ వంతే టీవీకి చేరుతుంది. స్తంభం మీద, స్ప్లిట్టరుకు ముందు పెట్టిన వర్ధకం ఈ నష్టాన్ని భర్తీ చేస్తుంది. టీవీ వెనుక పెట్టినది ఆ పదవ వంతును మాత్రమే పెంచగలదు. యాంటెన్నా వద్దనే సంకేతం చాలకపోతే రెండూ నిరుపయోగమే. పులుసులో ఉప్పు తక్కువైతే గిన్నె పెద్దది చేసినందువలన రుచి రాదు గదా!

ఎడ్మండ్‌సన్ పార్కులో ఎత్తున బిగించిన ఎనిమిది కడ్డీల యాంటెన్నాకు, రెండు మూడు టీవీల వరకు, చాలా చోట్ల వర్ధకం అవసరం రాదని నా అభిప్రాయం. అనవసరపు వర్ధకం హాని కూడ చేస్తుంది. పునర్విభజన తరువాత టెలివిజన్ విడిచిపెట్టిన 700 మెగాహెర్ట్జ్ పరిసరాలలో ఇప్పుడు మొబైల్ ఫోను స్తంభాలు మాట్లాడుతున్నాయి. సమీపంలోని స్తంభం నుండి వచ్చే బలమైన సంకేతం వర్ధకాన్ని నింపివేస్తే, అది టెలివిజన్ సంకేతాన్ని వికృతం చేస్తుంది. అప్పుడు లాభం తగ్గించడమే చికిత్స. వర్ధకం కావలసి వస్తే, ఆ పట్టీని అడ్డగించే వడపోత గలది అడిగి తీసుకోవాలి. కేవలం మూడవ పట్టీ యాంటెన్నా ఎంచుకొంటే సగం పని తీరినట్లే.

మరొక శత్రువు ఇంటిలోనే ఉంటుంది. ఒక మిత్రుని ఇంట పగలంతా చక్కగా వచ్చే బొమ్మ దీపాలు పెట్టే వేళకు విరిగిపోయేది. వారి అత్తగారు దీనిని సంధ్యాసమయ దోషమన్నారు. మాట కొట్టివేయదగినది కాదు! సీలింగులోని ఎల్.ఇ.డి. దీపాలకు విద్యుత్తును అందించే చవకరకం పెట్టెలు రేడియో రొద వెదజల్లుతున్నాయి. వాటి పక్కనే టీవీ తీగ పోతున్నది. ఇటువంటి రొద యు.హెచ్.ఎఫ్. కన్న వి.హెచ్.ఎఫ్.ను ఎక్కువగా బాధిస్తుంది గనుక సిడ్నీవాసులకు ఈ జాగ్రత్త అధికం. దీపాలు ఒక్కొక్కటిగా ఆర్పి చూస్తే దోషి దొరుకుతుంది.

తీగ, తుప్పు, నీరు

ఈ భాగం రసాయన శాస్త్రానిది గనుక పాఠకులు కొంచెం ఓర్చుకోవాలి. యాంటెన్నా చెడిపోయిందని అనుకొనే సందర్భాలలో అనేకం వాస్తవానికి తీగ చెడినవి. ఆర్.జి.–6 తీగలో నడుమ రాగి పూత గల కడ్డీ, చుట్టూ నురుగు పాలిథిలీన్, దానిపై లోహపు అల్లిక, పైన తొడుగు ఉంటాయి. నురుగు పాలిథిలీన్ విద్యున్మాధ్యమ స్థిరాంకం 1.5 పరిసరాలలో ఉంటుంది. నీటిది సుమారు 80. కొసన ఒక చిన్న సందు ఉన్నా అల్లిక వత్తిలా నీటిని లోపలికి పీల్చుకొంటుంది. అప్పుడు తీగ 75 ఓమ్‌ల స్వభావం చెడి, తరంగం కొంత వెనుకకు మళ్ళుతుంది, కొంత వేడిగా మారుతుంది. వాన తరువాత రెండు రోజులు బొమ్మ చెడి, ఎండ కాయగానే బాగుపడితే కారణం దాదాపు ఇదేనని చెప్పవచ్చు.

తెల్లని పి.వి.సి. తొడుగు ఇంటి లోపలికి తగినది. ఇక్కడి ఎండలోని అతినీలలోహిత కిరణాలకు అది పెళుసెక్కి పగులుతుంది. బయట వాడవలసినది మసి కలిపిన నల్లని పాలిథిలీన్ తొడుగు. ఆ మసి కిరణాలను తాను పీల్చుకొని పాలిమరు గొలుసులను కాపాడుతుంది. అల్యూమినియాన్ని రాగితో నేరుగా కలుపరాదు. వాటి ప్రామాణిక విద్యుత్ పొటెన్షియల్ విలువలు −1.66, +0.34 వోల్టులు, నడుమ తడి చేరితే అది చిన్న బ్యాటరీ అయి అల్యూమినియం కరిగిపోతుంది. యాంటెన్నాను సముద్రతీరాన క్రొనల్లాలో బిగించినా, తీరానికి దూరంగా ఎడ్మండ్‌సన్ పార్కులో బిగించినా సూత్రం ఒక్కటే. ఉప్పుగాలి తగిలే చోట వేగం ఎక్కువ.

ఇంత చెప్పినా కప్పు మీదకు ఎక్కమని నేను ఎవరికీ సలహా ఇవ్వడం లేదు. రెండంతస్తుల రేకుల కప్పు, పొద్దుటి మంచు, జారే చెప్పులు – ఈ మూడూ కలిస్తే ఏ శాస్త్రమూ కాపాడదు. విద్యుత్తు తీగలు వేలాడే వీధులలో ప్రమాదం రెట్టింపు. యాంటెన్నా నిపుణుని పిలిపించండి. అయితే దానికి ముందు మీ ఎస్టేటు నియమాలు చదవండి. కొన్ని కొత్త ఎస్టేట్లలో టెలివిజన్ సంకేతం గాజుతంతువు ద్వారానే ఇంటికి చేరుతుంది, అక్కడ యాంటెన్నా అవసరమే లేదు, కొన్నిచోట్ల అనుమతించరు కూడ. వచ్చినవారిని మూడవ పట్టీ యాంటెన్నా కావాలని, బయట నల్లతొడుగు ఆర్.జి.–6 తీగ కావాలని, కొసలకు నొక్కి బిగించే ఎఫ్ కనెక్టర్లు పెట్టి వాటిపై తనకు తానే అంటుకొనే రబ్బరు పట్టీ చుట్టాలని అడగండి. తీగ గోడలోకి పోయే ముందు ఒక వంపు కిందికి వేలాడేటట్లు వదలమనండి; నీటిబొట్టు అక్కడ రాలిపోతుంది.

పని ముగిసిన తరువాత ప్రతి సాకెట్టు వద్ద కొలిచిన సంకేత స్థాయిని అడిగి కాగితం మీద వ్రాయించుకోండి. 45 నుండి 80 డెసిబెల్ మైక్రోవోల్టుల మధ్య ఉండటం సబబు. అటూ ఇటూ అంచులకు దూరంగా ఉంటే మరీ మంచిది. టీవీ సెట్టింగులలో కూడ సంకేత బలం, సంకేత నాణ్యత అని రెండు అంకెలు కనబడతాయి. చూడవలసినది నాణ్యత. అయిదు ప్రసారాలకూ ఆ అంకెలను ఒక నిర్మలమైన పగటిపూట, మరల వాన పడుతున్న సాయంత్రం దీపాలన్నీ వెలిగించి, వ్రాసి ఉంచుకోండి. ఏడాది తరువాత బొమ్మ చెడినప్పుడు ఏ ప్రసారానికి ఎంత తగ్గినదో పోల్చి చూస్తే, తప్పు తీగలో ఉన్నదో, దీపంలో ఉన్నదో, తిరిగిపోయిన యాంటెన్నాలో ఉన్నదో నిపుణుడు రాకముందే తెలుస్తుంది.